నవ్వుకు ఎన్ని పళ్ళు

మా ఆసుపత్రిలో మనుషుల పనితనాన్ని పళ్ళతో కొలిచిన నాలుగు నెలల గురించి చీరాలలో ఎవరికి తోచింది వారు చెప్పుకుంటున్నారు. టీ కొట్టు దగ్గర నన్ను చూడగానే నోరు బార్లా తెరిచి ‘లెక్కపెట్టు పిచ్చయ్యా’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లెక్కపెట్టింది నేనే, కాదనను. లెక్కపెట్టమన్నారు, పెట్టాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చుకోండి.

నా పేరు పిచ్చేశ్వరరావు. గడియార స్తంభం వెనక సందులో ఉన్న కూరపాటి దంత వైద్యశాలలో ఇరవై రెండేళ్ళుగా చీట్లు రాస్తున్నాను. మొత్తం మేం నలుగురం. డాక్టరు కూరపాటి భుజంగరావు గారు పళ్ళు చూస్తారు. జ్యోతిర్మయి ఎక్స్‌రేలూ ఫోటోలూ తీస్తుంది. నేను పేర్లు పిలుస్తాను, వరస తప్పి లోపలికి దూరేవాళ్ళతో పోట్లాడతాను. మస్తానమ్మ తల పట్టుకుంటుంది.

తల పట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా అనకండి. పన్ను పీకించుకోవడానికి కూర్చున్న మనిషి తల ఊరికే ఉండదు. కుర్చీలోంచి లేచి పారిపోవాలని చూస్తుంది. మస్తానమ్మ వెనక నిలబడి ఎడమ చెయ్యి నుదుటి మీద వేస్తుంది, కుడి చెయ్యి దవడ కింద పెడుతుంది. ఏ ఊరు, పిల్లలెంతమంది, పెద్దోడు ఏం చదువుతున్నాడు అని అడుగుతూ ఉంటుంది. నోట్లో పటకారు ఉన్నవాడు జవాబు చెప్పలేడనుకోండి, అయినా అడుగుతుంది. డాక్టరు గారు పన్ను మీద పట్టు బిగించగానే చెవి దగ్గర వంగి, “అయిపోయింది నాయనా, అయిపోయింది” అంటుంది. అప్పటికి ఏమీ అయిపోదు. కానీ ఆ మాట విని మనిషి ఒళ్ళు వదిలేస్తాడు. వదిలిన ఆ క్షణంలోనే పన్ను బయటికొస్తుంది. రోజుకు పదిసార్లు ఆ అబద్ధం ఆడి ఆడి ఆమె కుడి భుజం కాస్త కిందికి జారింది. కౌంటరు దగ్గరికొచ్చిన వాళ్ళు డాక్టరు గారు ఉన్నారా అని అడగరు. మస్తానమ్మ ఉందా అని అడుగుతారు.

డాక్టరు గారు మంచివారు. కోపం లేదు, అరుపులు లేవు. నవ్వు కూడా లేదు. మరీ నవ్వొస్తే మూతి బిగించుకుని కిటికీ వైపు తిరిగేవారు. ఇరవై రెండేళ్ళలో ఆయన మా పని బాగుందని అన్నదీ లేదు, బాగోలేదని అన్నదీ లేదు. జీతాలు అందుతున్నాయి, పళ్ళు ఊడుతున్నాయి. అంతా సవ్యంగానే ఉందని మేం అనుకున్నాం.

అలా అనుకోవడమే పెద్ద లోపమట. నవంబరులో డాక్టరు గారు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో ‘దంత వైద్యశాలల్లో సిబ్బంది సామర్థ్య సమీక్ష’ అనే రెండు రోజుల శిక్షణకు వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక మనిషిని తెచ్చారు. ఆ మనిషి పేరు నిరూప్ చైతన్య. సలహాదారు. కోటు వేసుకున్నాడు. చీరాల ఎండలో కూడా విప్పలేదు. ఆయనిచ్చిన కార్డు మీద ‘మానవ వనరుల పరివర్తన సారథి’ అని ఉంది.

“మీరు ఇన్నేళ్ళు రివ్యూ లేకుండా ఎలా సర్వైవ్ అయ్యారు సార్?” అని అడిగాడు సారథి.

“తెలీలేదండీ,” అన్నారు డాక్టరు గారు తప్పు చేసినవాడిలా.

“నో ప్రాబ్లం. ఇప్పటికైనా అవేర్‌నెస్ వచ్చింది. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుందాం. అభిప్రాయాలు వద్దు, కొలత కావాలి. మీ సిబ్బంది సేవ పొందిన పేషెంట్ ముఖంలో ఆనందం ఎంత? నాకు నంబర్ కావాలి.”

అంటూ సంచీలోంచి ఒక అట్ట తీశాడు. దాని మీద అయిదు గుండ్రటి పసుపు మొహాలున్నాయి. మొదటిది ఏడుస్తోంది, చివరిది నవ్వుతోంది. పేషెంటు వెళ్ళేటప్పుడు ఒక మొహం మీద వేలు పెట్టాలి. అంతే. ఇక్కడితో ఆగితే మాకూ ఊరికీ ఏ బాధా ఉండేది కాదు.

డాక్టరు గారు అట్టను దీపం కిందికి తీసుకెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, ముప్పై ఏళ్ళ అనుభవంతో పరీక్షించారు.

“వీటికి పళ్ళు లేవండీ,” అన్నారు.

“సార్?”

“అయిదింటిలో ఒక్కదానికీ పన్ను లేదు. పళ్ళు కనపడకుండా ఇది నవ్వుతోందని ఎట్లా చెప్పగలం? మూతి వంకర కూడా కావచ్చు. పక్షవాతంలో అట్లాగే ఉంటుంది. నవ్వంటే పళ్ళు కనపడాలి. నాలుగు కనపడ్డాయా, ఎనిమిదా, పన్నెండా, అదీ లెక్క.”

సారథికి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది. “సార్, పదకొండేళ్ళ కెరీర్‌లో ఇంత డేటా ఓరియంటెడ్ లీడర్‌ని చూడలేదు. దీనికి దంత దృశ్యతా సూచిక అని పేరు పెడదాం,” అన్నాడు. ఇరవై రెండేళ్ళలో డాక్టరు గారిని ఎవరైనా అంతగా మెచ్చుకోవడం అదే మొదలు. ఆయన మూతి బిగించుకుని కిటికీ వైపు తిరిగారు.

ఆ సాయంత్రమే నియమాలు తయారయ్యాయి. మాలో ఎవరు ఏ పేషెంటుకు పనిచేసినా, పని అయిన వెంటనే ఆ పేషెంటు వారివైపు తిరిగి నవ్వాలి. నేను పక్కన టార్చిలైటు పట్టుకుని కనపడిన పళ్ళు లెక్కపెట్టి కంప్యూటరులో ఎక్కించాలి. అనుమానం రాకుండా ఫోటో తియ్యాలి. నోటిమాటలు చెల్లవు. ‘మస్తానమ్మ దేవతండీ’ అని పేషెంటు చెప్పినా పళ్ళు కనపడకపోతే సున్నాయే. మార్చి ముప్పై ఒకటికి సగటు తీసి, అట్టడుగున ఉన్నవారిని సంస్థ నుంచి గౌరవప్రదంగా విముక్తులను చెయ్యాలి.

“విముక్తి అంటే?” అని అడిగింది మస్తానమ్మ.

“తీసేస్తారు,” అన్నాన్నేను.

“అలా నెగెటివ్‌గా చూడొద్దు,” అన్నాడు సారథి. “అట్టడుగున ఉన్న ఒక్కరిని ఏటా విముక్తులను చేస్తే మిగిలినవాళ్ళలో ఎనర్జీ పెరుగుతుంది.”

“నలుగురం ఉన్నాం సార్. ఏటా ఒకర్ని తీస్తే నాలుగేళ్ళకు ఎవరుంటారు?”

“అప్పటికి మీ కల్చర్ మెచ్యూర్ అవుతుంది,” అన్నాడు.

నలుగురం అన్న మాట డాక్టరు గారికి పట్టింది. “నేను కూడా లెక్కలోకి వస్తానా?” అని అడిగారు. నాయకుడు ముందు నిలబడితేనే సిబ్బందికి నమ్మకం కలుగుతుందని సారథి చెప్పాడు. డాక్టరు గారు గర్వంగా తన పేరు కూడా రాయించుకున్నారు. మనిషి పక్షపాతం అడ్డం రాకూడదని, విముక్తి పత్రాన్ని కంప్యూటరే ఏప్రిల్ ఒకటిన ఉదయం పది గంటలకు పేరు నింపి అచ్చు వెయ్యాలని ఏర్పాటు చేశారు. పేరు దగ్గర ఖాళీ ఉంచిన ఆ పత్రం మీద డాక్టరు గారు ముందుగానే సంతకం చేశారు.

తర్వాత ఎవరి సమీక్ష వాళ్ళే రాసుకునే కాగితాలు వచ్చాయి. మస్తానమ్మకు చదువు రాదు కాబట్టి సారథి ప్రశ్నలు అడిగాడు, నేను రాశాను.

“మీ ప్రధాన బలం?”

“కుడి చెయ్యి.”

“మీరు మెరుగుపరచుకోవలసిన అంశం?”

“మోకాళ్ళు. నిలబడితే పీకుతుండయ్.”

“అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?”

మస్తానమ్మ గదంతా ఒకసారి చూసింది. కుర్చీ వెనక, తను రోజూ నిలబడే చోట గచ్చు అరిగి నున్నగా ఉంటుంది. అక్కడికి వేలు చూపించింది. “అదిగో, అక్కడే,” అంది.

సారథి ఆ గడిలో ‘ఎదుగుదల మీద ఆసక్తి లేదు’ అని రాయమన్నాడు. రాశాను. నాకు ఒళ్ళు మండింది. అయినా రాశాను.

మొదటి వారం లెక్కలు ఇలా వచ్చాయి. నాకు నాలుగున్నర. పేరు పిలిచినప్పుడు జనం కాస్త ఆశగా చూస్తారు కదా, అవే నా పళ్ళు. డాక్టరు గారి పేషెంట్లకు మూతి మొద్దుబారి ఉంటుంది, నవ్వమంటే నీళ్ళు కారతాయి. ఆయనకు అర. మస్తానమ్మ పట్టుకునే తలలన్నీ పన్ను పీకించుకున్నవే. వాళ్ళు అరగంటసేపు దూది కరిచిపట్టి మూతి మూసుకోవాలి. అది వైద్యశాస్త్రం. ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళతో దణ్ణం పెట్టినవాళ్ళున్నారు. కళ్ళు లెక్కలోకి రావు. సున్నా, సున్నా, సున్నా.

జ్యోతిర్మయికి ఇరవై నాలుగు.

ఆమె తప్పేం లేదు పాపం. వంకర పళ్ళకు తీగలు కట్టించుకునే వాళ్ళకు ముందు ఫోటోలు తియ్యాలి. అందుకు పెదాలను రెండు వైపులా చెవుల దాకా లాగి పట్టే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటుంటుంది. అది పెట్టగానే చిగుళ్ళతో సహా అన్నీ బయటపడతాయి. పేషెంటు బాధతో మూలుగుతున్నా సరే, ఇరవై నాలుగుకు తక్కువ రావు. నెలాఖరుకు గోడ మీద ‘ఈ నెల ఆణిముత్యం’ అని జ్యోతిర్మయి ఫోటో పెట్టారు. “బాబాయ్, నాకు సిగ్గుగా ఉంది, మస్తానమ్మ పిన్ని మొహం చూడలేకపోతున్నా,” అని ఆ పిల్ల నా దగ్గర ఏడ్చింది. ఏడుస్తుంటే పళ్ళు ఎనిమిది కనపడ్డాయి. అప్పటికే నాకు అలవాటైపోయింది.

జనవరిలో సారథి వచ్చి జ్యోతిర్మయి విజయ రహస్యాన్ని అధ్యయనం చేశాడు. “అత్యుత్తమ పద్ధతిని సంస్థ అంతటా వ్యాపింపజెయ్యాలి,” అన్నాడు. క్లిప్పులు మరో పన్నెండు తెప్పించారు. చీటీ రాసుకునేవాడికి క్లిప్పు, బిళ్ళలు తీసుకునేవాడికి క్లిప్పు. ‘మీ పేరు?’ అంటే ‘హుహాహావు’ అనేవాడు. సుబ్బారావో, రంగారావో నేను ఊహించి రాయాలి. నా సగటు ఇరవైకి లేచింది. పేషెంట్లలో ఆనందం నాలుగింతలు పెరిగినట్టు రంగురంగుల పటం గీసి గోడకు తగిలించారు. దానికి ఎదురుగా బల్ల మీద జనం దవడలు పట్టుకుని కూర్చునేవారు.

పన్ను పీకిన నోటికీ, మొద్దుబారిన మూతికీ మాత్రం క్లిప్పు పెట్టకూడదు. పెడితే రక్తం ఆగదు, పెదవి చిట్లినా తెలీదు. కాబట్టి దూది పెట్టేలోపు ఎప్పుడైనా ఒకరు నవ్వితే తప్ప మస్తానమ్మ సున్నా అలాగే ఉంది.

“ఈ రిసోర్స్ సమస్యగా ఉంది,” అన్నాడు సారథి పటంలో ఆమె గీత చూపిస్తూ. ఆ గీత నేలకు అంటుకుపోయి ఉంది.

“ఆమె పని అటువంటిదండీ,” అన్నారు డాక్టరు గారు.

“అయితే పనిలోనే లోపం ఉంది సార్. ఒక్కసారి డేటా చూడండి. పన్ను పీకిన ప్రతిసారీ ఆ పేషెంట్ నోట్లో శాశ్వతంగా ఒక పన్ను తగ్గుతోంది. అంటే రాబోయే సంవత్సరాల సూచికను మనమే చేజేతులా తగ్గించుకుంటున్నాం. ఇది వ్యూహాత్మకంగా సరైనదేనా?”

డాక్టరు గారు ఆలోచనలో పడ్డారు. నేనూ ఆలోచించాను. లెక్క ప్రకారం తప్పు కనపడలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఫిబ్రవరి ఒకటి నుంచి మా దంత వైద్యశాలలో పళ్ళు పీకడం ఆపేశాం. పుచ్చిపోయినా, కదిలిపోతున్నా, చీము పట్టినా, పన్ను లెక్కలో ఉన్నంతకాలం ఉండాల్సిందే. ‘మీ పన్ను, మా సంపద’ అని బోర్డు కూడా రాయించారు. తల పట్టుకునే పని లేదు కాబట్టి మస్తానమ్మను వెనక గదిలో సామాన్లు కడగడానికి వేశారు. పేషెంట్ల కంటపడొద్దన్నారు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆమె నన్ను అడిగింది.

“పిచ్చయ్యా, మార్చి ఎల్లేదాకేనా నేను?”

“ఏమో, చూద్దాం.”

“నాకింకో పని రాదయ్యా. యాభై ఎనిమిదేళ్ళొచ్చినయ్. ఇంటికాడ ఖాళీగా కూసుంటే ఈ చేతులు ఏం జెయ్యను?” అని రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

పళ్ళు పీకడం ఆపితే సరిపోలేదు. అసలు పళ్ళే లేకుండా వచ్చే ముసలివాళ్ళు సగటును ఘోరంగా దెబ్బతీస్తున్నారని మార్చి మొదట్లో తేలింది. కట్టుడు పళ్ళకు కొలతలని నాలుగుసార్లు వస్తారు, వచ్చిన నాలుగుసార్లూ క్లిప్పు పెట్టినా చిగుళ్ళే. వెంటనే నియమం వచ్చింది. వాకిట్లో నిలబడి అమలుచెయ్యాల్సింది నేను.

పేరాల నుంచి కోటయ్య అని మగ్గం నేసే పెద్దాయన వచ్చాడు. నోరు తెరిపించి టార్చి వేశాను. ఒక్కటీ లేదు.

“నిన్ను లోపలికి పంపకూడదు పెద్దాయనా.”

“ఏం?”

“పళ్ళుంటేనే లోపలికి.”

“పళ్ళు కట్టించుకుందామనే గదయ్యా వచ్చింది.”

“నిజమే. పళ్ళు కట్టించుకుని వస్తే అప్పుడు పళ్ళు కడతారు.”

కోటయ్య నా మీద జాలిపడ్డాడు. “నువ్వు బాగానే ఉండేవోడివి గదరా పిచ్చయ్యా,” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు సిగ్గేసింది. రాత ఉద్యోగం, సంసారం, అన్నీ ఉన్నాయి నాకు. ఇవేవీ ఆ సిగ్గుకు సమాధానం కాలేదు.

మార్చి ఇరవై తొమ్మిదికి లెక్క ఇలా ఉంది. జ్యోతిర్మయి ఇరవై నాలుగు. నేను పందొమ్మిది. డాక్టరు గారు సున్నా పాయింటు నాలుగు రెండు. మస్తానమ్మ సున్నా పాయింటు నాలుగు ఒకటి. అందరూ అట్టడుగు గీత ఒక్కటే చూశారు. దాని మీద గీత ఎవరిదో ఎవరూ చూడలేదు. నేను చూశాను. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ముప్పయ్యో తారీఖు ఉదయం సారథి వచ్చాడు. ముగింపు సమీక్షకని వచ్చాడనుకున్నాను. కోటు లేదు. కుడి బుగ్గ బూరెలా పొంగి ఉంది. రెండు నెలలుగా జ్ఞానదంతం సలుపుతోందట, పని ఒత్తిడిలో పట్టించుకోలేదట, రాత్రంతా నిద్ర లేదట. “పీకెయ్యండి సార్,” అన్నాడు.

డాక్టరు గారికి గొప్ప చిక్కు వచ్చింది. “పీకడం మానేశాం కదండీ. మీరే అన్నారు. వ్యూహాత్మకంగా సరికాదు.”

“ఇది మినహాయింపు సార్.”

“మినహాయింపుకు నియమం లేదండీ.”

సారథి వంకరమూతితో తన లెటర్ కాగితం మీద ‘అసాధారణ పరిస్థితుల్లో ఒక దంతం వరకు’ అని అనుమతి రాసి, తనే సంతకం చేసి, తనకే ప్రతి ఉంచుకుని కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు గారు మత్తుసూది ఇచ్చారు. పటకారు పట్టారు. రెండు నెలలుగా ఆ చెయ్యి ఆ పని చెయ్యలేదు. సారథి తల అటు తిరిగింది, ఇటు తిరిగింది. చివరికి డాక్టరు గారి వేలు కరిచింది. జ్యోతిర్మయి తల పట్టుకోబోతే ఆమెను తన్నింది కూడా, అంటే కాళ్ళు. రెండోసారి, మూడోసారి. డాక్టరు గారి నుదుటి మీద చెమటలు పట్టాయి.

“మస్తానమ్మను పిలవండి,” అన్నారు.

“ఆ రిసోర్స్...” అని సారథి ఏదో అనబోయాడు. నొప్పి అననివ్వలేదు.

మస్తానమ్మ తడి చేతులు చీర చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. తన చోట, ఆ అరిగిన గచ్చు మీద నిలబడింది. నుదుటి మీద చెయ్యి వేసింది.

“ఏ ఊరు నాయనా మీది? హైదరాబాదే పుట్టి పెరిగిందా? అమ్మ ఉందా? నీతోనే ఉంటదా? ఏడవమాక. ఎంత, చిన్న పన్ను. అన్నం తిన్నావా పొద్దున? తినలేదా, అదీ సంగతి. తిననోడికి నొప్పెక్కువ. ఇదిగో... అయిపోయింది నాయనా, అయిపోయింది.”

ఒళ్ళు వదిలాడు. పన్ను వచ్చేసింది. డాక్టరు గారు దాన్ని పళ్ళెంలో టప్పున వేశారు. సారథి ఆ చప్పుడు విని కళ్ళు తెరిచాడు. తల వెనక్కి వాల్చి, తలకిందులుగా కనపడుతున్న మస్తానమ్మ మొహం చూశాడు. దూది పెట్టేలోపు, మొద్దుబారని ఎడమవైపు పెదవి దానంతటది లేచింది. వాడు నవ్వాడు. నేను చెప్పేది ఒట్టు, అది అసలైన నవ్వు.

నేను టార్చి తీశాను.

“ఒద్దు,” అన్నట్టు చెయ్యి ఊపాడు సారథి.

“నియమం నియమమే సార్,” అన్నాను. లెక్కపెట్టాను. మూడు. ఫోటో తీశాను. తర్వాత ఆయన్ని డాక్టరు గారి వైపు తిప్పాను. అప్పటికి దూది పడింది, మూతి మూసుకుంది. సున్నా. రెండూ ఎక్కించాను. మస్తానమ్మ లెక్క కాస్త పైకి వెళ్ళింది, డాక్టరు గారిది కాస్త కిందికి దిగింది. వెంట్రుకవాసి తేడా. మర్నాడు పేషెంట్లెవరూ రాలేదు. పళ్ళు పీకని పళ్ళాసుపత్రికి ఎందుకొస్తారు?

ఏప్రిల్ ఒకటి. మస్తానమ్మ తన సామాన్లు మూట కట్టుకుని వచ్చింది. ఒక గ్లాసు, ఒక తువ్వాలు, మోకాళ్ళకు రాసుకునే నూనె సీసా. జ్యోతిర్మయి ఆమె పక్కన కూర్చుని ఏడుస్తోంది. బుగ్గ వాచిన సారథి కుర్చీలో ఉన్నాడు. పదింటికి కంప్యూటరు కాగితం కక్కింది. డాక్టరు గారు దాన్ని చూడలేక మొహం తిప్పుకుని, “నువ్వే చదువు పిచ్చేశ్వరరావూ,” అన్నారు.

చదివాను. “డాక్టర్ కూరపాటి భుజంగరావు గారికి. సమీక్షా కాలంలో మీ పనితీరు సంస్థ ఆశించిన స్థాయిలో లేనందున మిమ్మల్ని నేటి నుంచి గౌరవప్రదంగా విముక్తులను చేస్తున్నాం. మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటూ, ఇట్లు, డాక్టర్ కూరపాటి భుజంగరావు.”



“ఇది తప్పు కదండీ,” అన్నారు డాక్టరు గారు ఇటు తిరిగి.

సారథి కాగితం తీసుకుని లెక్కలన్నీ మళ్ళీ చూశాడు. తన ఫోటో కూడా చూశాడు. “సిస్టమ్‌లో తప్పు లేదు సార్. డేటా కరెక్ట్‌గా ఉంది. అయితే మీకు అప్పీలు చేసుకునే హక్కుంది.”

“ఎవరికి?”

“యాజమాన్యానికి.”

“యాజమాన్యం నేనే కదా.”

“మీరు విముక్తులయ్యారు కదా సార్. కొత్త డాక్టర్ వచ్చేవరకు యాజమాన్యం ఖాళీ. అప్పీలు పెండింగ్‌లో ఉంటుంది,” అన్నాడు. ఇంకెవరైనా అయితే మెడ పట్టుకుని బయటికి గెంటేవారు. మా డాక్టరు గారు తెల్లకోటు విప్పి మడతపెట్టి కౌంటరు మీద ఉంచి, బయటికొచ్చి పేషెంట్ల బల్ల మీద కూర్చున్నారు. ముప్పై ఏళ్ళలో ఆయన ఆ బల్ల మీద కూర్చోవడం చూడలేదు ఎవరూ. చేతులు ఒళ్ళో పెట్టుకుని గచ్చు వైపు చూస్తున్నారు. మస్తానమ్మ ఫిబ్రవరిలో చూసుకున్నట్టే తన చేతులు తనే చూసుకున్నారు.

అప్పుడే ఓడరేవు నుంచి ఒక జాలరి దవడ పట్టుకుని వచ్చాడు. బోర్డులు చదివే స్థితిలో లేడు. మస్తానమ్మ ఉందా అన్నాడు. ఆమె మూట పక్కన పెట్టి, అతన్ని తీసుకెళ్ళి లోపల కుర్చీలో కూర్చోబెట్టి, మళ్ళీ బయటికొచ్చింది.

“లే బాబూ. మనిషొచ్చాడు.”

“నన్ను తీసేశారు మస్తానమ్మా,” అన్నారు డాక్టరు గారు. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అన్నారు. “నిన్ను తీసేద్దామనుకున్నాను. సంతకం కూడా పెట్టాను. నీ పేరు రాలేదు గానీ, వస్తే ఊరుకునేవాణ్ణి.”

మస్తానమ్మ బల్ల వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎడమ చెయ్యి ఆయన నుదుటి మీద వేసింది, కుడి చెయ్యి దవడ కింద పెట్టింది.

“అయిపోయింది బాబూ, అయిపోయింది,” అంది.

“నువ్వట్లా అన్నావంటే ఇంకా కాలేదని అర్థం,” అన్నారు డాక్టరు గారు. అని నవ్వారు. మూతి బిగించలేదు, కిటికీ వైపు తిరగలేదు. ఆమె చేతుల్లో తల ఉంది, తిరగడానికి వీల్లేదు. నోరంతా తెరిచి, భుజాలు కదిలేలా నవ్వారు. తర్వాత లేచి విముక్తి పత్రాన్ని నాలుగు ముక్కలు చేసి, గోడ మీది పటాన్ని పీకి, సారథి చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు.

అలవాటైన ప్రాణం కదా, నేను లెక్కపెట్టాను. పన్నెండు కనపడాల్సింది, పదకొండే. పై వరుసలో ఎడమవైపు ఒకటి లేదు.

“మస్తానమ్మా, డాక్టరు గారికి ఒక పన్ను లేదు తెలుసా? ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, చూడనేలేదు,” అన్నాను.

“తెలీకేం,” అంది ఆమె మూట విప్పి గ్లాసు తీసి మళ్ళీ గూట్లో పెడుతూ. “నువ్వు రాకముందే ఒక ఆదివారం తలుపులేసుకుని, ఒంగోలు నుంచి స్నేహితుణ్ణి పిలిపించుకుని పీకించుకున్నాడు. తల పట్టుకుంది నేనే. ఎంత ఏడ్చాడో నీకు తెలవదు. ఎవురికీ చెప్పబోకు మస్తానమ్మా అన్నాడు, నేను చెప్పలా.”

లోపలి నుంచి జాలరి మూలుగు వినిపించింది. ఆమె చీర చెంగు బొడ్లో దోపుకుని లోపలికి వెళ్ళింది. నేను పేరాలకు కబురు పెట్టాను, కోటయ్యను రమ్మని.